ఆఫ్రికా జాతి రాయబారి - ఎడ్వర్డ్ విల్మట్ బ్లైడెన్

రాయబారి అనే మాట మన సంఘస్థులకు క్రొత్త కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో తాను క్రీస్తుకు రాయబారినని చెప్పుకున్నాడు. ఎఫెసీయులకు వ్రాసినప్పుడు సంకెళ్ళలో ఉన్న రాయబారినని అన్నాడు. రాయబారి తన సొంత మాట చెప్పడు. తన్ను పంపినవారి మాట చెప్పుతాడు. అతనికి జరిగిన గౌరవము పంపినవారికి జరిగిన గౌరవము. అతనికి జరిగిన అవమానము కూడ వారికే చెందుతుంది.

ఈ శతజయంతి సంచికలో మన సంఘములకు పునాదులు వేసిన దైవజనులను గూర్చి అనేకులు వ్రాస్తున్నారు. నేను మాత్రము సముద్రముల కవతల జీవించిన ఒక నల్లజాతి పండితుని గూర్చి వ్రాయ తలచాను. ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశము తరఫున లండను నగరములో రాయబారిగా నిలిచిన ఎడ్వర్డ్ విల్మట్ బ్లైడెన్ గారు. ఆయన ప్రెస్బిటేరియను సంఘములో అభిషేకము పొందిన గురువు కూడ. సంఘమువలన మేలు పొందారు, సంఘమువలన గాయపడ్డారు, చివరకు సంఘమును ప్రశ్నించారు. ఆ ప్రశ్న మనకును తగులుతుంది గనుక ఆయన చరిత్రను మీ ముందు ఉంచుతున్నాను.

జననము, బాల్యము

బ్లైడెన్ గారు 1832 ఆగస్టు 3వ తేదీన వెస్టిండీసులోని సెయింట్ థామస్ ద్వీపములో జన్మించారు. ఆ ద్వీపము అప్పుడు డెన్మార్కు ఏలుబడిలో ఉండేది. అక్కడ బానిసత్వము 1848లో గాని రద్దు కాలేదు. అయితే బ్లైడెన్ గారి తలిదండ్రులు బానిసలు కారు, స్వతంత్రులు. తండ్రి రోమియో కుట్టుపని చేసేవారు. తల్లి జూడిత్ బడిలో పాఠములు చెప్పేవారు. తమ పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో జాతివారని ఆ కుటుంబము నమ్మేది.

వారి ఇల్లు యూదులు నివసించే పేటలో ఉండేది. అందుచేత యూదుల పండుగలను, ప్రార్థనలను ఆయన చిన్ననాటనే చూచి ఎరుగుదురు. పదేండ్ల వయస్సులో కుటుంబముతో వెనిజులా దేశమునకు వెళ్ళి, కొంతకాలము అక్కడ ఉండి స్పానిషు భాష నేర్చుకున్నారు. తిరిగి వచ్చిన తరువాత ఉదయము బడిలోను, మధ్యాహ్నము సూది దారములతో కుట్టుపనిలోను ఆయన దినములు గడిచినవి.

1845లో జాన్ నాక్స్ అనే అమెరికను పాదిరి ఆ ద్వీపములోని డచ్చి రిఫార్మ్‌డ్ సంఘమునకు కాపరిగా వచ్చారు. ఆయన ఈ బాలుని తెలివిని, భక్తిని గుర్తించారు, చదువు చెప్పారు, ప్రసంగ కళను నేర్పారు. ఆ ప్రోత్సాహమువలననే బ్లైడెన్ గారికి దైవసేవకు వెళ్ళవలెనను తలంపు కలిగింది. ఒక మంచి కాపరి ఒక బీద బాలుని చేయి పట్టుకొంటే ఎంత ఫలము కలుగునో చూడండి.

మూయబడిన తలుపు

1850వ సంవత్సరము మే నెలలో, పదునెనిమిదేండ్లు ఇంకా నిండని బ్లైడెన్ గారు నాక్స్ గారి భార్యతో కలిసి అమెరికాకు ఓడ ఎక్కారు. న్యూజెర్సీలోని రట్గర్స్ వేదాంత కళాశాలలో చేరవలెనని ఆయన ఆశ. కళాశాల చేర్చుకొనలేదు. ఆయనకు చదువు చాలదని కాదు, విశ్వాసము లేదని కాదు. చర్మపు రంగు ఒక్కటే అడ్డము. మరికొన్ని చోట్ల ప్రయత్నము చేసినను అదే జవాబు వచ్చింది.

నేనును వేదాంత కళాశాలలో చదివినవాడనే. ఆ గేటు దాటి మొదటి దినమున లోనికి వెళ్ళినప్పుడు కలిగిన సంతోషము నాకు ఇంకను జ్ఞాపకమున్నది. ప్రభువు పిలిచాడని నమ్మి, సముద్రము దాటి వచ్చిన యౌవనస్థుని ప్రభువు పేరట కట్టిన కళాశాలయే బయట నిలువబెట్టినదంటే ఆ మనస్సు ఎంత కృంగిపోయి ఉండునో తలంచండి.

ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించే చట్టము చేసింది. స్వతంత్రుడైన నల్లవానిని సైతము బానిసయని పట్టుకొనిపోయే భయము ఏర్పడింది. ఆ స్థితిలో వలస సంఘమువారు సహాయము చేయగా, బ్లైడెన్ గారు 1850 డిసెంబరు 21న ఓడ ఎక్కి, 1851 జనవరి 26న లైబీరియా రాజధాని మన్రోవియాలో దిగారు.

లైబీరియా అనగా స్వతంత్ర భూమి అని అర్థము. అమెరికాలో విడుదల పొందిన నల్లవారిని ఆఫ్రికాకు పంపుటకు ఏర్పడిన ఒక సంఘము 1822 నుండి అక్కడ వలసలు నిలిపింది. 1847 జూలై 26న అది స్వతంత్ర రిపబ్లిక్కుగా ప్రకటించుకొన్నది. బ్లైడెన్ గారు దిగేనాటికి ఆ దేశమునకు నాలుగేండ్లయినను నిండలేదు.

గురువు, పండితుడు

మన్రోవియాలో ప్రెస్బిటేరియను మిషను నడిపే అలెగ్జాండర్ హైస్కూలులో ఆయన చేరారు. లాటిను, గ్రీకు భాషలు అక్కడ అభ్యసించారు. నల్లజాతివారిని గూర్చి పరిశుద్ధ గ్రంథములో ఉన్న వచనములకు తెల్లవారు చెప్పే అర్థము నిజమో కాదో తానే చూడవలెనని హెబ్రీ భాషను స్వయముగా నేర్చుకున్నారు. హాము సంతతి శాపగ్రస్తమనియు, అందుచేత బానిసత్వము దేవుని నిర్ణయమనియు ఆ కాలములో బోధించేవారు ఉండిరి. ఆ బోధను మూలభాషతోనే ఎదుర్కొనుటకు ఆయన సిద్ధపడ్డారు. 1858లో గురువుగా అభిషేకము పొంది, తాను చదివిన హైస్కూలుకే ప్రధానోపాధ్యాయులయ్యారు.

1860లో ఆయన అప్పటి బ్రిటీషు ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ గారికి ఒక ఉత్తరము వ్రాశారు. ఆఫ్రికా తీరమునుండి వచ్చిన ఆ ఉత్తరములోని పాండిత్యమును చూచి మంత్రిగారు మెచ్చుకొన్నారు. ఇద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరములు నడిచినవి. పదవి ఇంకను రాకముందే బ్లైడెన్ గారు తమ జాతి తరఫున మాటలాడుట మొదలుపెట్టారని దీనివలన తెలియుచున్నది.

1862లో లైబీరియా కాలేజీలో ప్రాచీన భాషల ఆచార్యులుగా నియమింపబడి 1871 వరకు పనిచేశారు. ఆ మధ్యలో 1864 నుండి 1866 వరకు దేశమునకు విదేశాంగ కార్యదర్శిగా కూడ ఉన్నారు. 1866లో ఐగుప్తు, లెబానోను, యెరూషలేము ప్రాంతములకు ప్రయాణము చేశారు. పిరమిడ్లను చూచినప్పుడు ఇవి తన పితరులైన ఆఫ్రికావారి చేతి పనియని ఆయన హృదయము పొంగింది. అక్కడి రాతి మీద లైబీరియా అని, దాని క్రింద తన పేరును చెక్కారు. బేరూతులోని సిరియను ప్రొటెస్టెంటు కాలేజీలో అరబ్బీ భాష అభ్యసించి, తిరిగి వచ్చి తన విద్యార్థులకు ఆ భాష నేర్పారు. ఆఫ్రికా లోపలి ప్రాంతముల ముస్లిములతో మాటలాడవలెనంటే వారి చదువుల భాష రావలెనని ఆయన గ్రహించారు.

అవమానము, అజ్ఞాతవాసము

తన దేశములోనే ఆయనకు శత్రువులు ఏర్పడ్డారు. లైబీరియా వలసవారిలో తెల్లరక్తము కలిసిన లేతరంగువారికి, ముదురురంగువారికి మధ్య పోటీ ఉండేది. అమెరికాలో రంగునుబట్టి అవమానము పొందినవారే లైబీరియాకు వచ్చి మరల రంగునుబట్టి చీలిపోయారు. 1871లో ఈ కక్షలు తీవ్రమైనవి. అప్పటి అధ్యక్షుడైన రాయ్ గారి కుటుంబముతో సంబంధపరచి బ్లైడెన్ గారి మీద నింద మోపారు. ఒక అల్లరిమూక ఆయన మెడకు త్రాడు వేసి వీధులలో ఈడ్చింది. కొందరు అడ్డుపడి ఆయనను విడిపించారు. ప్రాణములతో బయటపడి ఆయన ప్రక్కనున్న సియెర్రా లియోన్ దేశమునకు వెళ్ళిపోయారు. అది బ్రిటీషువారి ఏలుబడిలో ఉండేది.

ఫ్రీటౌన్ పట్టణములో 1872లో ఒక పత్రికను స్థాపించారు. ఆ సంవత్సరము ఫలాబాకును, 1873లో టింబోకును బ్రిటీషు గవర్నరు తరఫున దూతగా వెళ్ళారు. ఆ ప్రయాణములలో కాలినడకన గ్రామములు తిరిగి, ముస్లిము పెద్దలతోను, స్థానిక రాజులతోను కూర్చుండి మాటలాడారు. రాయబారమునకు కావలసిన ఓపికను ఆయన ఆ అడవి బాటలలోనే నేర్చుకొన్నారు.

రాజసభలో రాయబారి

1874లో లైబీరియాకు తిరిగి వచ్చారు. తన్ను ఈడ్చిన వీధులకే తిరిగి వెళ్ళి మరల బడిలో పాఠములు చెప్పారు. 1877లో ప్రభుత్వము ఆయనను బ్రిటనుకు రాయబారిగా నియమించింది. అమెరికాలో ఒక కళాశాల బల్ల మీద చోటు దొరకనివాడు విక్టోరియా రాణి ఎదుట ఒక స్వతంత్ర దేశపు ప్రతినిధిగా నిలిచాడు. ఇది ప్రభువు చేసిన కార్యమని చెప్పుటకు నేను వెనుకాడను.

అయితే ఆ పని పైకి కనబడినంత వైభవమైనది కాదు. లైబీరియా చిన్న దేశము, ఖజానా ఎప్పుడును ఖాళీ. వాయవ్య తీరములో లైబీరియా తనదిగా చెప్పుకొనే ప్రాంతములో బ్రిటీషు వర్తకులు సరకు దించి, సుంకము చెల్లించుటకు నిరాకరించేవారు. సుంకము అడిగితే, అక్కడ లైబీరియా పాలన నిజముగా నడుచుటలేదని వాదించేవారు. బ్లైడెన్ గారు ఆ హద్దుల తగవును తీర్చుటకు లండనులో ప్రయత్నించారు. ఆయనకు వెనుక సైన్యము లేదు, ఓడలు లేవు. భాష, పాండిత్యము, మర్యాద, ఇవి మాత్రమే ఆయన ఆయుధములు. పెద్దమనుష్యుల ఇండ్లలో ఆయనను ఆదరించారు, ఆయన ఉపన్యాసములను విన్నారు. అయినను హద్దు తేలలేదు. 1882లో బ్రిటీషు గవర్నరు యుద్ధనౌకలతో మన్రోవియాకు వచ్చాడు. 1885లో మానో నదిని హద్దుగా లైబీరియా ఒప్పుకొనవలసి వచ్చింది. తూర్పున ఫ్రెంచివారు ఒత్తిడి చేసి 1892లో కవల్లా నది అవతలి భూమిని తీసుకొన్నారు.

ఆ 1892లోనే ఆయన మరల లండనుకు రాయబారిగా వెళ్ళారు. 1905లో, డెబ్బది రెండేండ్ల వయస్సులో, లండను, పారిస్ రెండు నగరములకును ప్రత్యేక రాయబారిగా పంపబడ్డారు. లైబీరియా కొంత భూమిని పోగొట్టుకొన్నను, తన స్వాతంత్ర్యమును పోగొట్టుకొనలేదు. 1914 నాటికి ఆఫ్రికా ఖండములో యూరోపువారి చేతిలో పడక నిలిచినవి ఇథియోపియా, లైబీరియా మాత్రమే. దీనికి కారణములు అనేకము. అయినను నల్లవారు తమ్మును తాము పాలించుకొనగలరని లోకము ఎదుట నిలిచి వాదించిన బ్లైడెన్ వంటివారి శ్రమ కూడ అందులో ఉన్నది.

సంఘమునకు ఆయన వేసిన ప్రశ్న

1880 నుండి 1884 వరకు ఆయన లైబీరియా కాలేజీకి అధ్యక్షులుగా ఉన్నారు. 1881 జనవరిలో చేసిన ప్రారంభోపన్యాసములో ఆఫ్రికా బిడ్డలు యూరోపువారి నకళ్ళుగా తయారు కాకూడదని బోధించారు. వారి భాషలు, పాటలు, కథలు, ఆచారములు కాలేజీలో గౌరవము పొందవలెనని కోరారు. ఆడపిల్లలకును ఉన్నత విద్య కావలెనన్నారు. 1885లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు.

1886లో ఆయన ప్రెస్బిటేరియను గురుత్వమునకు రాజీనామా ఇచ్చారు. మరుసటి సంవత్సరము క్రైస్తవ్యమును, ఇస్లామును, నల్లజాతిని గూర్చిన ఆయన పెద్ద గ్రంథము లండనులో అచ్చయింది. అది ఇంగ్లాండులోని క్రైస్తవులను కలవరపెట్టింది. ఆఫ్రికా లోపలి ప్రాంతములలో ఇస్లాము స్వీకరించిన నల్లవాడు తల ఎత్తుకొని నడుచుచున్నాడనియు, సారా ముట్టుట లేదనియు, చదువు నేర్చుకొని సాటివారితో సమానముగా కూర్చుండుచున్నాడనియు ఆయన వ్రాశారు. తీరములో క్రైస్తవుడైన నల్లవాడు మాత్రము తన పేరును, బట్టలను, పాటలను చిన్నచూపు చూచి తెల్లవానిని అనుకరించుచున్నాడని బాధపడ్డారు. సువార్త వచ్చిన తీరమునకే సారా పీపాలును దిగుచున్నవని గుర్తుచేశారు.

ఆయన ఇస్లాములో చేరలేదు. క్రీస్తును తృణీకరించలేదు. క్రీస్తును తెచ్చినవారు ఆయనతో పాటు తమ గర్వమును కూడ తెచ్చారని చెప్పారు, అంతే.

1891 జనవరిలో లేగోస్ పట్టణములో చేసిన ఉపన్యాసములో పశ్చిమ ఆఫ్రికాకు తన సొంత సంఘము ఉండవలెనని, ఆఫ్రికావారే దానిని నడుపవలెనని ఉద్బోధించారు. ఆ సంవత్సరమే అక్కడ స్థానికులు ఒక స్వతంత్ర సంఘమును స్థాపించుకొన్నారు. ఆ మాటలు అప్పుడు ఎందుకు అంతగా నాటినవో గ్రహించవలెను. 1864లో శామ్యేల్ అజాయి క్రౌథర్ గారు ఆంగ్లికను సంఘములో మొదటి ఆఫ్రికా అధ్యక్షులుగా అభిషేకింపబడ్డారు. వారి వృద్ధాప్యములో, 1890 ప్రాంతమున, యౌవనస్థులైన తెల్ల మిషనెరీలు నైజరు మిషనులో ఆయన అధికారమును త్రోసివేశారు. ఆ దుఃఖములోనే ఆయన 1891 డిసెంబరు 31న ప్రభువునందు నిద్రించారు.

ఆయన లోపములు

బ్లైడెన్ గారిని పరిశుద్ధునిగా చూపుట నా ఉద్దేశము కాదు. తాను రంగు వివక్షకు గురియైనను లేతరంగు నల్లవారిని గూర్చి ఆయన వ్రాసిన మాటలు కఠినమైనవి, కొన్ని అన్యాయమైనవి. ముస్లిము రాజ్యములలోను బానిసల వర్తకము నడిచినదను విషయమును ఆయన తగినంతగా పట్టించుకొనలేదు. బ్రిటీషువారి పాలన ఆఫ్రికాకు మేలు చేయునని ఎక్కువ నమ్మారు. ఆ నమ్మకమును చరిత్ర నిలువనీయలేదు. ఆయన గృహ జీవితము కూడ నింద లేనిది కాదు. గురువు పదవిని వదలుట విషయములో నాకు ఆయనతో ఏకీభావము లేదు. ఇంటిలో దుమ్ము ఉన్నదని ఇల్లు వదలిపోవుట కంటె ఊడ్చుట మేలని నా అభిప్రాయము. అయితే ఊడ్వవలసిన దుమ్మును చూపినవానిని కోపగించుకొనుట మనకు తగదు.

చివరి దినములు

1901 నుండి 1906 వరకు ఆయన సియెర్రా లియోన్‌లో ముస్లిము విద్యకు డైరెక్టరుగా పనిచేశారు. ముస్లిము బాలురకు ఇంగ్లీషు, పాశ్చాత్య విద్య అందునట్లు చూచారు. 1908లో ఆఫ్రికా జీవితమును, ఆచారములను గూర్చిన గ్రంథము వెలువరించారు. 1912 ఫిబ్రవరి 7న ఫ్రీటౌన్‌లో తనువు చాలించారు. క్రైస్తవ విధి ప్రకారమే ఆయన భూస్థాపన జరిగింది. ముస్లిములు పెద్ద సంఖ్యలో వచ్చి ఆయన శవపేటికను తమ భుజములమీద మోశారు. రెండు మతములవారు కలిసి ఏడ్చిన ఆ దినమున ఆయన చేసిన రాయబారము ఎట్టిదో అందరికిని కనబడింది.

మనకు ఆయన ఇచ్చే పాఠము

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆయన మరణించిన 1912వ సంవత్సరము మన తెలుగు సంఘములకు మరువరానిది. ఆ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతెడ్రల్‌లో వేదనాయకము శామ్యేల్ అజరయ్య గారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ అధ్యక్షులుగా అభిషేకము పొంది, డోర్నకల్ అధ్యక్షఖండమునకు వచ్చారు. ఈ ఇద్దరికి పరిచయము లేదు. ఒకరు గురుత్వమును వదలినవారు, మరొకరు జీవితాంతము దానిలో నిలిచినవారు. అయినను ఆఫ్రికాలో ఒకరు అడిగిన ప్రశ్నకు మన నేలమీద మరొకరు కొంతవరకు జవాబు ఇచ్చారని నాకు తోచును. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ ఎపిఫని కెతెడ్రల్‌ను చూచినవారికి ఇది తెలియును. మన దేవాలయముల మండపపు స్తంభములు, మసీదుల గుమ్మటములు, మినార్లు అక్కడ క్రీస్తు ఆరాధనకు నిలిచి ఉన్నవి. అంతకు మునుపే పురుషోత్తమ చౌధరి గారు తెలుగు రాగములలో క్రీస్తును పాడి మనకు కీర్తనలు ఇచ్చారు. మన భాషలో, మన తాళముతో ప్రభువును స్తుతించుట తక్కువ పని కాదని ఆ పెద్దలు ఎరుగుదురు.

అయితే బ్లైడెన్ గారి రెండవ ప్రశ్న మిగిలియున్నది. ఆయనను బయట నిలిపినది రంగు. మన మధ్య నిలిపేది కులము. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొంది, ఇంటికి వెళ్ళిన తరువాత పంక్తి వేరు చేసేవారము, సంబంధము మాటలాడునప్పుడు ముందుగా కులము అడిగేవారము మనలో లేమా? లైబీరియాలో గాయపడినవారే మరల ఒకరినొకరు గాయపరచుకొన్నట్లు, ఒకప్పుడు ఊరి బయట నిలువబడినవారము మనకంటె తక్కువని తలచినవారిని బయట నిలుపుచున్నాము.

నూరేండ్ల పండుగలో మన దేవాలయములకు రంగులు వేయుచున్నాము, తోరణములు కట్టుచున్నాము. తలుపులను కూడ ఒకసారి చూచుకొందము. ఏ బీద బాలుడు, ఏ బాలిక, ఏ యౌవనస్థుడు వాటి బయట నిలిచియున్నాడో అడుగుదము. మనము క్రీస్తు రాయబారులమైతే, తన్ను పంపిన ప్రభువు ఎవరిని లోనికి పిలిచాడో వారిని బయట నిలుపుటకు రాయబారికి అధికారము లేదు.